నోటుబుక్కులో రాయని ఖర్చు



నేను బ్యాంకులో ఇళ్ల అప్పులు, ప్లాటు అప్పులు చూసే సీట్లో చాలా ఏళ్లు పనిచేశాను. రిటైరు కావడానికి కొన్నేళ్ల ముందు, ఒక మధ్యాహ్నం ఇద్దరు భార్యాభర్తలు నా టేబుల్ దగ్గరికి వచ్చారు. ఇద్దరూ ప్రైవేటు బడిలో టీచర్లు. ఊరి చివర కొత్తగా వేసిన వెంచర్‌లో ప్లాటు చూసుకున్నారు, బయానా కూడా ఇచ్చేశారు. ఆ అమ్మాయి సంచిలోంచి గీతల నోటుబుక్కు తీసి, పేజీ తెరిచి, నా వైపు తిప్పి పెట్టింది. నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు. 200 గజాలు, గజం 15,000, మొత్తం 30 లక్షలు. కింద రెండు గీతలు. ఆ కింద, మా దగ్గర 9 లక్షలు, బ్యాంకు అప్పు 21 లక్షలు. మళ్లీ రెండు గీతలు. పేజీ అడుగున చిన్నగా, రిజిస్ట్రేషన్ 90 వేలు. అంతే.

"ఇంతే కదా సార్?" అని అడిగింది.

నాకు ఆ పేజీ ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఎందుకంటే ఇరవై రోజుల తర్వాత అదే అమ్మాయి, అదే సంచితో, నా టేబుల్‌కి కాక పక్కన బంగారం అప్పుల కౌంటర్‌కి వచ్చింది. నాలుగు గాజులు, ఒక హారం తూకానికి పెట్టింది. రిజిస్ట్రేషన్ మూడు రోజుల్లో ఉంది, 3 లక్షల 60 వేలు తక్కువ పడ్డాయి.

ఆ 3 లక్షల 60 వేలు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చాయో ఈ రోజు మీకు చెప్పాలని వచ్చాను. ఎవరూ వాళ్లను దొంగదెబ్బ తీయలేదు. అన్నీ మామూలుగా అందరూ కట్టే ఖర్చులే. కానీ బయానా ఇచ్చే ముందు ఒక్కటీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లకు అడగాలని తెలియలేదు.

ముందుగా రిజిస్ట్రేషన్ సంగతి. తెలంగాణలో 2021 జులై దాకా స్థలం కొంటే ప్రభుత్వానికి కట్టేది మొత్తం 6 శాతం. ఆ నెల 22 నుంచి అది 7.5 శాతం అయింది. అందులో స్టాంపు డ్యూటీ ఐదున్నర, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం. ఆంధ్రప్రదేశ్‌లో విడివిడి లెక్కలు వేరు. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. కూడితే అక్కడా ఏడున్నరే. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది వేరే ఉంది. ఆ ఏడున్నర శాతం దేని మీద?

ప్రతి ఊరికీ, ప్రతి వీధికీ ప్రభుత్వం ఒక విలువ కట్టి ఉంచుతుంది. దాన్ని మార్కెట్ విలువ అంటారు, పేరుకు మార్కెట్ అయినా బజారు ధర కన్నా అది చాలాచోట్ల బాగా తక్కువ. మన టీచర్ల ప్లాటుకు ప్రభుత్వ విలువ గజం 6,000. అంటే 200 గజాలకు 12 లక్షలు. దాని మీద ఏడున్నర శాతం 90 వేలు. వెంచర్ మనిషి చెప్పిన అంకె అదే, నోటుబుక్కులో రాసుకున్నదీ అదే. కానీ చట్టం ప్రకారం ప్రభుత్వ విలువ, మీరు నిజంగా ఇచ్చే ధర, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. పైగా బ్యాంకు అప్పు ఇచ్చేది దస్తావేజులో రాసిన విలువను చూసి. 12 లక్షల దస్తావేజు మీద 21 లక్షల అప్పు ఏ బ్యాంకూ ఇవ్వదు. కాబట్టి దస్తావేజులో 30 లక్షలూ రాయాలి. 30 లక్షల మీద ఏడున్నర శాతం 2 లక్షల 25 వేలు. ఒక్క ఈ పద్దులోనే 1 లక్షా 35 వేలు తేడా వచ్చింది.

మిగతావి చిన్నచిన్నవి. వెంచర్ కాగితంలో మడత కింద ఉన్నాయి. తూర్పు ముఖం ప్లాటు కాబట్టి గజానికి 500 అదనం, అది లక్ష. డెవలప్‌మెంట్ ఛార్జీలు గజానికి 300, అది 60 వేలు. చూపించిన మధ్యవర్తికి 1 శాతం, 30 వేలు. మా బ్యాంకు తరఫున లాయరు అభిప్రాయం, విలువ కట్టిన ఇంజనీరు ఫీజు, ప్రాసెసింగ్, దస్తావేజులు తనఖా పెట్టినందుకు మళ్లీ ఒక స్టాంపు డ్యూటీ, అన్నీ కలిపి ఓ 25 వేలు. డాక్యుమెంట్ రైటరు, సాక్షుల రానుపోను, జిరాక్సులు, ఫొటోలు, ఒక 10 వేలు. మొత్తం కూడండి. 4 లక్షల 50 వేలు. 30 లక్షల ప్లాటు మీద సరిగ్గా 15 శాతం. వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నది 90 వేలు.

ఇక్కడ మీలో కొందరు అనుకుంటూ ఉంటారు, అప్పు అక్కర్లేని వాళ్లు ప్రభుత్వ విలువకే రిజిస్టర్ చేయించుకుని, మిగతాది నగదుగా ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని. ఈ మాట ప్రతి వెంచర్ ఆఫీసులో వినబడుతుంది, ప్రతి పెళ్లి పందిట్లో కూడా వినబడుతుంది. దయచేసి ఈ లెక్క నాతో పాటు వేయండి. 30 లక్షల ప్లాటును 12 లక్షలకు రాయించుకున్నారు. రిజిస్ట్రేషన్‌లో 1 లక్షా 35 వేలు మిగిలాయి. కొన్నేళ్ల తర్వాత పిల్ల చదువు కోసం 60 లక్షలకు అమ్మారు, కొన్న ఆయన బ్యాంకు అప్పు తీసుకుని కొన్నాడు, దస్తావేజులో 60 లక్షలూ ఉన్నాయి. మీకు నిజంగా వచ్చిన లాభం 30 లక్షలు. కాగితం మీద మాత్రం 48 లక్షలు. లేని 18 లక్షల లాభం మీద పన్నెండున్నర శాతం పన్ను కడతారు. అది 2 లక్షల 25 వేలు, సెస్సు వేరే. మొదట్లో ఏ డబ్బు ఎగ్గొట్టామనుకున్నారో అంతకన్నా ఎక్కువే కట్టారు. ఇంకొకటి. స్థలం అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానాగా పడే నిబంధన 2015 నుంచి అమల్లో ఉంది. అది అమ్మేవారి మీద పడేదే. కానీ ఆ నగదు మీకు ఎక్కణ్ణుంచి వచ్చిందని ప్రశ్న మీ ఇంటికి కూడా వస్తుంది. ఇక అమ్మకంలో ఏదైనా గొడవ వచ్చి కోర్టుకు వెళితే, మీరు ఇచ్చినట్టు కాగితం చెప్పేది 12 లక్షలే. మిగతా 18 లక్షలకు సాక్ష్యం ఎవరు?

దీనికి రెండో వైపు కూడా ఉంది. ప్రభుత్వ విలువ కన్నా తక్కువకు కొంటే కొనేవారికే పన్ను పడొచ్చు. ఎవరో అవసరంలో ఉండి చవగ్గా అమ్ముతున్నారని సంబరపడి కొంటారు. ప్రభుత్వ విలువకూ మీ ధరకూ తేడా 10 శాతం దాటి, 50,000 రూపాయలు కూడా దాటితే, ఆ తేడాను మీ ఆదాయంగా లెక్కగట్టి ఆదాయపు పన్ను అడుగుతారు. అందుకని చవక ప్లాటు దొరికినప్పుడు కూడా ముందు ప్రభుత్వ విలువ చూడాలి.

ఇప్పుడు ఒక శాతం సంగతి. స్థలం ధర గానీ ప్రభుత్వ విలువ గానీ 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే, కొనేవారు మొత్తం సొమ్ము మీద 1 శాతం పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. అమ్మేవారి పన్ను అది, కట్టే బాధ్యత మనది. 50 లక్షలు దాటిన భాగం మీద అనుకునేవారు ఉన్నారు, కాదు, మొత్తం మీద. భార్యాభర్తలు చెరి 30 లక్షలు పెట్టి కొన్నాం కాబట్టి మాకు వర్తించదు అనుకునేవారూ ఉన్నారు. 2024 అక్టోబరు నుంచి ఆ సందేహం తీర్చేశారు, అందరి వాటాలూ కలిపే చూస్తారు. 60 లక్షల ప్లాటుకు ఇది 60 వేలు. అమ్మేవారికి ఇచ్చే డబ్బులోంచి తగ్గించుకుంటే మీకు పైసా నష్టం లేదు. తగ్గించుకోవడం మరిచిపోయి మొత్తం ఇచ్చేశారా, ఆ 60 వేలూ మీ జేబులోంచి, దాని మీద వడ్డీ, ఆలస్యానికి రోజుకు 200 రూపాయల చొప్పున. నేను చూసిన నోటీసుల్లో ఎక్కువ భాగం ఇవే. తెలియక జరిగినవే.

అమ్మేవారు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. మన తెలుగు ఊళ్లలో ఇది అరుదైన సంగతి కాదు. కొడుకు డాలస్‌లో ఉంటాడు, ఇక్కడ తండ్రి జీపీఏతో, అంటే కొడుకు రాసిచ్చిన అధికార పత్రంతో, సంతకం పెడతాడు. మనం మాట్లాడేదీ, టీ తాగేదీ ఆ పెద్దాయనతోనే కాబట్టి అమ్మేది ఆయనే అనుకుంటాం. కానీ యజమాని ప్రవాస భారతీయుడైతే 50 లక్షల పరిమితి అసలు లేదు, 1 శాతం కూడా సరిపోదు. దానికన్నా చాలా ఎక్కువ పట్టుకోవాలి, కట్టే పద్ధతీ వేరు. తక్కువ పట్టుకునేందుకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకునే వీలు అమ్మేవారికి ఉంది. మనం 1 శాతమే పట్టుకుంటే మిగతాది శాఖ మన దగ్గరే వసూలు చేస్తుంది. బయానాకు ముందు అడగాల్సిన మాట ఒక్కటే, "ఏమండీ, యజమాని ఏ దేశంలో ఉంటారు?" మొహమాటపడాల్సిన పనేమీ లేదు.

జీఎస్టీ గురించి రెండు ముక్కలు. ఖాళీ స్థలం అమ్మకానికి జీఎస్టీ లేదు. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు వేసి అభివృద్ధి చేసిన ప్లాటుకూ లేదని 2022 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది. క్లబ్‌హౌస్ సభ్యత్వం, నిర్వహణ రుసుము లాంటి సేవలకు ఉంటుంది. మీ బిల్లులో ప్లాటు ధర మీదే జీఎస్టీ కలిపి ఉంటే ఎందుకని అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఇక్కడిదాకా చెప్పినవి కొనే రోజు ఖర్చులు. నన్ను ఎక్కువ బాధపెట్టేవి ఆ తర్వాత వచ్చేవి, ఇల్లు కట్టుకుందామని బయలుదేరిన రోజున ఎదురయ్యేవి. మనవాళ్లు ప్లాటు కొని అయిదేళ్లో పదేళ్లో అలా ఉంచుతారు. ఆ పదేళ్లూ దానికి ఖర్చు లేదనుకుంటారు. జీహెచ్ఎంసీ పరిధిలో ఖాళీ స్థలం పన్ను ఏడాదికి విలువ మీద అర శాతం. విలువ 12 లక్షలైతే 6,000. ఎవరూ గుమ్మం ముందుకొచ్చి అడగరు కాబట్టి ఎవరూ కట్టరు. ఇంటి అనుమతికి వెళ్లిన రోజు పాత బకాయిలన్నీ కలిపి అడుగుతారు.

అనుమతి లేని లేఅవుట్‌లో కొన్నవారి కష్టం ఇంకా పెద్దది. తెలంగాణలో అలాంటి లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్ పథకం 2020లో పెట్టినప్పుడు సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తు వెనక ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. క్రమబద్ధీకరణ రుసుము ఒకటి, దానితో పాటు పార్కు స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం. విలువ 12 లక్షలైతే ఈ ఒక్కదానికే 1 లక్షా 68 వేలు. 2025లో ప్రభుత్వం 25 శాతం రాయితీ ఇచ్చింది, గడువులు పొడిగించింది. అయినా ఆలోచించండి. పార్కు స్థలం మింగింది లేఅవుట్ వేసిన మనిషి, ఆ సొమ్ము కట్టేది 150 గజాలు కొనుక్కున్న ఆటో డ్రైవరు. ఇది న్యాయం కాదని నేను సర్వీసులో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. గజానికి 2,000 తక్కువ అని అనుమతి లేనిది కొంటే, ఆ తక్కువంతా ఇలా ఎదురొస్తుంది.

రోడ్డు వెడల్పు చూడండి. టేపు పట్టుకుని మీరే కొలవండి. మీ ప్లాటు ముందు 20 అడుగుల రోడ్డు ఉంది, నిబంధన 30 అడుగులు అడుగుతుంది. అప్పుడు అనుమతి ఇచ్చేటప్పుడు మీ వైపు 5 అడుగులు వదలమంటారు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న 200 గజాల ప్లాటులో ముందు 5 అడుగులు పోతే 150 చదరపు అడుగులు. అంటే 16 గజాల పైచిలుకు. గజం 15,000 చొప్పున రెండున్నర లక్షల స్థలం రోడ్డుకు రాసిచ్చేస్తారు. రిజిస్ట్రేషన్ ఖర్చు మాత్రం 200 గజాలకూ కట్టి ఉంటారు.

మట్టి సంగతి ఏ కాగితంలోనూ ఉండదు. ఎండాకాలంలో ప్లాటు చూడ్డానికి వెళతాం, చదునుగా ముచ్చటగా ఉంటుంది. అది నిన్నటిదాకా వరిమడి. రోడ్డు కన్నా 4 అడుగులు పల్లం. 1,800 చదరపు అడుగుల ప్లాటును 4 అడుగులు ఎత్తు చేయాలంటే 7,200 ఘనపుటడుగుల మట్టి కావాలి. మీ ఊళ్లో టిప్పరు మట్టి ఎంతో కనుక్కుని లెక్క వేయండి, గుండె ఝల్లుమంటుంది. కృష్ణా, గుంటూరు వైపు నల్లరేగడిలో పునాది ఇంకా లోతుకు పోవాలి, ఇనుము ఎక్కువ పడుతుంది. ఒక్క వానాకాలం ఆ ప్లాటును చూసి కొన్నవాడు అదృష్టవంతుడు. ఆగలేకపోతే, పక్క ప్లాటులో ఇల్లు కట్టుకున్నవాళ్ల తలుపు తట్టి, "అమ్మా, పునాదికి ఎంత లోతు తీశారు, బోరు ఎన్ని అడుగులు పడింది, కరెంటు స్తంభానికి ఎంత కట్టారు?" అని అడగండి. ఆ ఇంటావిడ చెప్పే అంకెలు ఏ బ్రోషరూ చెప్పదు.

ఇంటి అనుమతి విషయంలో టీజీ-బీపాస్ అనే ఆన్‌లైన్ విధానం వచ్చాక తెలంగాణలో పని సులువైంది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి 1 రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా స్వీయ ధ్రువీకరణతో అనుమతి వస్తుంది. కానీ అభివృద్ధి రుసుములు అలాగే ఉన్నాయి. నిర్మాణ వ్యయం ఒక పరిమితి దాటితే భవన కార్మికుల సంక్షేమం కోసం 1 శాతం సెస్సు ఉంది. అది కట్టాల్సిందే, మన ఇల్లు కట్టే కూలీల పిల్లల కోసం వెళ్లే డబ్బు అది. ముందే లెక్కలో వేసుకుంటే బరువనిపించదు.

అప్పు తీసుకునేవారికి మా బ్యాంకు తరఫున ఒక మాట చెప్పాలి. ప్లాటు అప్పు మీద కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. ఇల్లు కట్టిన తర్వాతే ఇంటి అప్పు రాయితీలు. ఈ సంగతి మా కౌంటర్లో ఎవరూ ముందుగా చెప్పేవారు కాదు, అడిగినవాళ్లకే చెప్పేవాళ్లం. అది మా లోపమే.

కొత్త వెంచర్‌లో కొనేటప్పుడు రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, ఇచ్చిన నమోదు సంఖ్య అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు నమోదు తప్పనిసరి. నమోదు కాకముందే "ప్రీలాంచ్" అని డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అలాగే లేఅవుట్‌లో 15 శాతం ప్లాట్లు, రోడ్లూ కాలువలూ పూర్తయ్యేదాకా, హెచ్ఎండీఏ వంటి సంస్థ పేరిట తనఖాలో ఉంటాయి. మీకు చూపించిన నంబరు ఆ తనఖాలో ఉందేమో చూడండి. ఉంటే విడుదల అయ్యేదాకా మీ డబ్బు వాళ్ల దగ్గర, వడ్డీ మీ నెత్తిన.

కట్టిన ప్రతి రూపాయికీ రసీదు దాచండి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, మధ్యవర్తి కమీషన్, ఇవన్నీ రేపు అమ్మేటప్పుడు కొన్న ధరలో కలుస్తాయి, పన్ను తగ్గుతుంది. అందుకే మధ్యవర్తికి కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

ఆ టీచరమ్మ గాజులు విడిపించుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. చివరి వాయిదా కట్టిన రోజు మా బ్రాంచికి వచ్చి, అదే నోటుబుక్కులో ఇంకో పేజీ చూపించింది. వాళ్ల తమ్ముడు ప్లాటు కొంటున్నాడట. ఈసారి గజం రేటు పేజీ మధ్యలో ఎక్కడో ఉంది. పైన రిజిస్ట్రేషన్, ఏ విలువ మీద అని బ్రాకెట్లో రాసుకుంది. తూర్పు ముఖం, డెవలప్‌మెంట్, కమీషన్, మట్టి, బోరు, రోడ్డు వెడల్పు, ఖాళీ స్థలం పన్ను. ఒక్కోదాని ఎదురుగా అంకె. అడుగున వెంచర్ మేనేజరు చేత సంతకం పెట్టించుకుంది. "ఇది ఇస్తేనే బయానా ఇస్తామన్నాం సార్, ఇచ్చాడు" అంది.

ఆ పేజీ రాయడానికి కావలసినవన్నీ మీకు అందుబాటులోనే ఉన్నాయి. మీ స్థలం ప్రభుత్వ విలువ, దాని మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడొచ్చు. వెంచర్ వివరాలు రెరా వెబ్‌సైటులో ఉంటాయి. మీకు చేతకాకపోతే ఇంట్లో చదువుకుంటున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మీలో ఎవరైనా ఈ వారంలో ప్లాటుకు బయానా ఇవ్వబోతూ ఉంటే, ఒక్క రోజు ఆపి, ఈ రాత్రికి ఆ పేజీ రాయండి.